రాత్రి రెండు గంటలకు మీ బిడ్డ వెనకాల ఎవరుంటారు?

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాలుగెకరాల పత్తి, కొంచెం బత్తాయి తోట ఉన్నాయి. మా బిడ్డ ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ పూర్తిచేసి పీజీ ఎంట్రన్స్ రాసింది. వేరే సీటు వచ్చే వీలున్నా ఎమర్జెన్సీ మెడిసినే చదువుతానని పట్టుబట్టింది. "క్యాజువాలిటీలో కూర్చోవడానికి మళ్లీ మూడేళ్ల చదువెందుకు? ఆడపిల్లకు రాత్రి డ్యూటీలు, రోజూ కొట్లాటలు. సొంతంగా దవాఖాన పెట్టుకునే వీలు కూడా లేదు" అంటున్నారు చుట్టాలు. నా భయం వేరు. 2004 వానాకాలంలో మా అన్న పురుగుమందు తాగిండు. అర్ధరాత్రి జీపులో వేసుకొని దారిలో ఉన్న ఒక దవాఖానకు పోయినం. డ్యూటీలో ఒక్కడే పిల్లగాడు డాక్టరు, పాతికేళ్లు కూడా ఉండవు. నలభై ఇంజక్షన్లు ఒకేసారి తెమ్మని చీటీ రాసిచ్చిండు. ఏదో మోసం చేస్తున్నడని మేం గొడవపడ్డం. సూది పట్టుకున్న ఆయన చేతులు వణకడం నాకు ఇప్పటికీ కండ్లముందే ఉంది. తెల్లారేసరికి మా అన్న పోయిండు. రేపు మా బిడ్డ అదే చోట అట్లనే నిలబడాలా? ఈ మూడేళ్లలో నిజంగా ఏం నేర్పుతారో చెప్పండి. పంపాలా వద్దా?
— ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చుట్టాల మాటలకు జవాబు చెప్పడం తేలికే, అది చివర్లో చెప్తాను. ముందు ఆ చీటీ గురించి మాట్లాడాలి. ఇరవై ఏళ్లుగా మీ మనసులో ముల్లులా ఉండిపోయినట్టుంది అది.

ఆ డాక్టరు మోసం చేయలేదు. ఆయన రాసింది అట్రోపిన్ అయ్యుంటుంది. మన దగ్గర దొరికే ఒక్కో ఆంప్యూల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది. అప్పట్లో పత్తికి కొట్టిన మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు లోపలికి పోతే ఒళ్లంతా చెమట, నోట్లో నురగ, ఊపిరితిత్తుల నిండా నీళ్లలాంటి స్రావం. మనిషి తన ఊపిరితిత్తుల్లోనే మునిగిపోతున్నట్టుంటుంది. దానికి విరుగుడు అట్రోపిన్. మొదట మూడు ఆంప్యూల్స్ ఇస్తాం. ఐదు నిమిషాలు ఆగి చూస్తాం, ఛాతీలో గరగర తగ్గకపోతే ఆరు. ఇంకో ఐదు నిమిషాలకు పన్నెండు. ఆ తర్వాత ఇరవై నాలుగు. అంటే పావుగంటలోనే నలభై ఐదు ఆంప్యూల్స్ అవుతాయి. బయటినుంచి చూసేవాళ్లకు అది పిచ్చిపనిలా కనిపిస్తుంది. కానీ ఆ రాత్రి ఆయన లెక్క సరైనదే. చేతులు వణికినా, చుట్టూ మీరంతా అరుస్తున్నా, ఆయన సరైన మందే సరైన లెక్కలో అడిగాడు.

ఆయన దగ్గర లేనివి వేరే ఉన్నాయి. ఆ మందు అల్మారాలో సిద్ధంగా లేదు, మీరు పరుగెత్తి కొనుక్కు రావాల్సి వచ్చింది. మీరు పోయి వచ్చేలోగా గొంతులో గొట్టం వేసి ఊపిరి అందించగల పెద్ద డాక్టరు పక్కన లేడు. నలభై ఎందుకో మీకు అరనిమిషంలో చెప్పే మనిషి లేడు. 2004లో మనకు 108 కూడా లేదు, అది మొదలైందే 2005 ఆగస్టు 15న, అదీ ముందు హైదరాబాద్‌లో. ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ఎండీ కోర్సుగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. ఇందులోనే ఇంకో పీజీ చదువు డీఎన్‌బీ 2013లో వచ్చింది. అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీలో ఇదే చదువు 1970లో మొదలైందంటే మనం ఎంత ఆలస్యంగా మేలుకున్నామో చూడండి. మీ అన్నను తీసుకెళ్లిన రాత్రికి, ఈ పని కోసమే తయారైన డాక్టరు మన జిల్లాల్లో దొరకడం దాదాపు అసాధ్యం. క్యాజువాలిటీ అంటే డ్యూటీ చార్టులో ఎవరి పేరు పడితే వాళ్లు కూర్చునే చోటు, అంతే. మీ బిడ్డ అడుగుతున్న చదువు సరిగ్గా ఆ ఖాళీని నింపడానికి వచ్చింది.

ఇక మూడేళ్లలో ఏం నేర్పుతారు అన్నారు. మీ అన్న విషయమే తీసుకొని చెప్తాను. నాకూ అదే తేలిక.

మా దగ్గర చేరిన ఫస్ట్ ఇయర్ పిల్లలు పత్తి సీజన్‌లో మొదటి నెలలోనే పురుగుమందు కేసు చూస్తారు. పుస్తకంలో అట్రోపిన్ డోసు వాళ్లకు నోటికి వచ్చు. కానీ బట్టలు కత్తిరించి తీసేయాలని, తల వెంట్రుకలతో సహా ఒళ్లంతా కడగాలని, లేకపోతే చర్మం గుండా మందు ఇంకా లోపలికి పోతూనే ఉంటుందని చేతులతో చేస్తేనే ఒంటబడుతుంది. అట్రోపిన్ పని చేసిందో లేదో చూడటానికి కంటిపాప ఒక్కటే చూస్తే చాలదు. స్టెత్ పెట్టి వీపు కింది భాగంలో వినాలి. చంకలో చేయి పెట్టి తడి ఆరిందో లేదో చూడాలి. ఇది నేను చెప్పి వదిలేయను, వాళ్ల చేయి పట్టుకొని పేషెంట్ చంకలో పెట్టిస్తాను. డోసు ఎక్కువైతే ఎలా ఉంటుందో కూడా చూపిస్తాను. పేషెంటు గాలిలో దారం పోగులు ఏరుతున్నట్టు వేళ్లు ఆడిస్తాడు, ఒళ్లు కాలిపోతుంది, మూత్రం ఆగిపోతుంది. ఒక్కసారి ఆ వేళ్లను చూసిన రెసిడెంట్, అంటే పీజీ చదివే డాక్టరు, జన్మలో మర్చిపోడు.

ఇంకోటి ఉంది. రెండో రోజుకో మూడో రోజుకో పేషెంట్ బాగానే మాట్లాడుతుంటాడు. ఇంటివాళ్లు ఇడ్లీ తెచ్చి తినిపిస్తుంటారు. అప్పుడు మా రెసిడెంట్ వెళ్లి, "పెద్దయ్యా, దిండు మీది నుంచి ఒకసారి తల ఎత్తు" అంటుంది. ఎత్తితే మంచిదే. ఎత్తలేకపోతే మెడ కండరాలు బలం తగ్గుతున్నాయని అర్థం, కొన్ని గంటల్లో ఊపిరి తీసే కండరాలూ అలసిపోవచ్చు. వెంటనే ఐసీయూకి చెప్పాలి. ఖరీదైన పరీక్ష ఏమీ కాదు, తల ఎత్తమనడమే. ప్రతి రౌండ్‌లో, అర్ధరాత్రి అయినా, నిద్ర లేపి అడగాలి. ఆ అలవాటు పడటానికే మూడేళ్లు కావాలి. ఇంటికి పంపేముందు సైకియాట్రిస్టుకు చూపించడం, ఇంట్లో ఉన్న మందు డబ్బాలు ఎక్కడ దాస్తారో కుటుంబంతో కూర్చొని మాట్లాడటం కూడా ఈ ట్రీట్‌మెంట్‌లో భాగమే. మా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది స్పృహ వచ్చిన మొదటి గంటలోనే "నన్ను బతికించండి" అనడం నేను నా చెవులతో విన్నాను.

మిగతా చదువులకూ దీనికీ అసలు తేడా ఒక్కటే. మిగతా చోట్ల జబ్బేమిటో ముందు తెలుసుకొని తర్వాత మందు ఇస్తారు. ఇక్కడ జబ్బేమిటో తెలియకముందే పని మొదలుపెట్టాలి. ఊపిరి దారి తెరిచి ఉందా, ఊపిరి అందుతుందా, రక్తం ఆడుతుందా, స్పృహ ఎలా ఉంది, బట్టలు తీసి ఒళ్లంతా చూశామా. ఎవరు వచ్చినా ఇదే వరస. చౌటుప్పల్ దగ్గర లారీ గుద్దినవాడైనా, జడ్చర్ల నుంచి ఛాతీ నొప్పితో వచ్చిన కిరాణా సేటయినా, కాన్పయ్యాక రక్తం ఆగని బాలింతయినా. ఛాతీ నొప్పి అయితే వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చూసి ఉండాలి. కాలూ చెయ్యీ పడిపోయిందంటే మొదట అడగాల్సింది బీపీ గురించి కాదు, "ఆఖరుసారి మంచిగ ఉన్నది ఎప్పుడు చూసిండ్రు?" అని. రక్తం గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఇవన్నీ తెలుసుకోవడం కష్టం కాదు. ఐదుగురు ఒకేసారి వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి ముందు పోవాలో తేల్చుకోవడం కష్టం. గట్టిగా ఏడ్చేవాడు చాలాసార్లు ఆగగలడు. మూల బల్ల మీద సప్పుడు చేయకుండా, ముఖం పాలిపోయి కూర్చున్నవాడు ఆగలేడు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను ఫస్ట్ ఇయర్‌లో ఉన్నప్పుడు జరిగింది, దవాఖాన పేరు వద్దు. ఇంకా పొద్దు పొడవలేదు. అచ్చంపేట దిక్కు నుంచి ఇరవై ఏళ్ల పిల్లవాణ్ని తీసుకొచ్చారు. "రాత్రి సంది కడుపు నొస్తుంది మేడమ్, రెండుసార్లు కక్కిండు" అన్నది వాళ్లమ్మ. బీపీ, నాడి, ఒళ్లు వేడి అన్నీ బాగున్నాయి. గ్యాస్ ఇంజక్షన్, నొప్పి ఇంజక్షన్ ఇచ్చి, తొందర లేని కేసని ఆకుపచ్చ ట్యాగు వేసి పక్క బెంచీ మీద కూర్చోబెట్టాను. కళ్లు మూతలు పడుతున్నాయి. రాత్రంతా నిద్ర లేదు కదా అనుకున్నాను.

మా సీనియర్ సార్ టీ తాగి లోపలికి వస్తూ ఆ పిల్లవాడి ముందు ఆగారు. ఏమీ అడగలేదు. వేలు పైకెత్తి, "దీన్ని చూస్తనే ఉండు" అన్నారు. పిల్లవాడు చూశాడు. అర నిమిషానికి రెప్పలు వాటంతట అవే కిందికి జారాయి. నుదురు ముడిచి, తల వెనక్కి వంచి చూడ్డానికి తంటాలు పడ్డాడు. "రాత్రి ఎక్కడ పన్నవ్?" అని అడిగారు సార్. "ఇంట్ల ఉక్కపోస్తుందని వాకిట్ల చాప మీద" అన్నాడు, మాట ముద్దముద్దగా. అప్పటికే గొంతు పట్టేస్తోంది.

కట్లపాము. రాత్రిపూట కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. వాపుండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. కడుపునొప్పితో మొదలై రెప్పలు, గొంతు, చివరికి ఊపిరి. పాము విషానికి విరుగుడు యాంటీ వీనమ్ పది వయల్స్ ఎక్కించాం, గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. ఐదు రోజుల తర్వాత పిల్లవాడు నడిచి ఇంటికి పోయాడు. ఆ బెంచీ మీద ఇంకో అరగంట కూర్చొని ఉంటే బతికేవాడు కాదు.

సార్ నన్ను అందరి ముందు ఒక్క మాట అనలేదు. డ్యూటీ అయ్యాక పక్కకు పిలిచి, "నీకు కట్లపాము గురించి తెలియదా?" అన్నారు. తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. "తెలిసింది కళ్లలోకి రావాలె, దానికే ఇక్కడున్నవ్" అన్నారు. ఆ నెల శనివారం జరిగిన మీటింగ్‌లో నేనే లేచి ఆ కేసు చెప్పాను. మంచి డిపార్ట్‌మెంట్లలో ఇలాంటి మీటింగ్ ఉంటుంది. ఎవరు తప్పు చేశారని కాదు, తప్పు ఏ దారిలో వచ్చిందని వెతుకుతారు. ఆ రోజు మా జూనియర్లందరి నోట్స్‌లో ఒక మాట చేరింది: తెల్లవారుజామున కడుపునొప్పితో వస్తే రెప్పలు చూడు, ఎక్కడ పడుకున్నాడో అడుగు. నల్లమల అంచున పనిచేసేవాళ్లకు ఇది ప్రాణం నిలబెట్టే ప్రశ్న. విదేశీ పుస్తకాల్లో ఇంత గట్టిగా దొరకదు.

మన నేల నేర్పేవి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఊపిరి గొట్టం వేయడం నేర్చుకోవడానికి మొదటి ఏడాదిలో అనస్తీషియా వాళ్ల దగ్గరికి ఆపరేషన్ థియేటర్‌కు పంపుతారు. ముందు బొమ్మ మీద, తర్వాత నిలకడగా ఉన్న పేషెంట్ల మీద, పక్కన సీనియర్ ఉండగా. అక్కడ చేయి తిరిగిందనుకొని వచ్చాక మర్రిగూడ, నాంపల్లి దిక్కు నుంచి ఒక ముసలాయన వస్తాడు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వెన్నెముక కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. మెడ వెనక్కి వంగదు. పుస్తకంలో చెప్పిన పద్ధతిలో గొంతు కనిపించదు. అలాంటి మెడ చూడగానే గొట్టం చేతిలోకి తీసుకోకముందే ఆగాలి. వీడియో స్కోపు తెప్పించాలి, గొట్టానికి దారి చూపే సన్నటి కడ్డీ, బూజీ, పక్కన పెట్టుకోవాలి, అనస్తీషియా వాళ్లను పిలవాలి, అదీ కుదరకపోతే గొంతు ముందునుంచి ఎక్కడ కోయాలో వేలితో తడిమి గుర్తు పెట్టుకోవాలి. ఇదంతా ఒక నిమిషంలో.

పాలమూరులో పనిచేసినప్పుడు ఇంకో రకం చూశాను. మూర్ఛలు అంటూ వస్తారు, ఎప్పుడూ మూర్ఛ జబ్బు లేనివాళ్లు. నోటికి వచ్చింది మాట్లాడుతుంటారు, మంచానికి కట్టేసినా ఆగరు. అడిగితే రెండు రోజుల నుంచి కల్లు దొరకలేదని తెలుస్తుంది. ఆ కల్లులో కలిపే ఆల్‌ప్రజోలం, డయజిపామ్ లాంటి మత్తుమందులకు ఒళ్లు అలవాటుపడి, ఒక్కసారిగా ఆగేసరికి ఇలా అవుతుంది. "పిచ్చి లేసింది, ఎర్రగడ్డకు తీస్కపోతం" అంటారు ఇంటివాళ్లు. కొత్త రెసిడెంట్‌కు "కల్లు తాగుతడా, ఎప్పటిసంది బందయింది?" అని అడగాలని తోచదు. రెండేళ్లు పనిచేసినవాళ్లకు అది మొదట వచ్చే ప్రశ్న.

రెండో ఏడాదిలో ఐసీయూ, పిల్లల వార్డు, లేబర్ రూమ్, ఆర్థో, గుండె విభాగం తిరుగుతారు. స్కానింగ్ ప్రోబ్ చేతబట్టి కడుపులో రక్తం ఉందో లేదో మంచం దగ్గరే చూడటం నేర్చుకుంటారు. కోర్సు మధ్యలో మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో చేయాలి, ఇది ఇప్పుడు పీజీలందరికీ తప్పనిసరి. నన్నడిగితే ఆ మూడు నెలలే అన్నిటికంటే విలువైనవి. పెద్ద ఆస్పత్రిలో సీటీ పక్కనే ఉంటుంది. ఇక్కడ అన్నిసార్లూ ఉండదు. పాముకాటుకు ఇరవై నిమిషాల పరీక్ష ఉందే, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా ఉంచి, ఇరవై నిమిషాలయ్యాక గడ్డకట్టిందో లేదో ఒకసారి వంచి చూడటం, అది ఎంత గొప్ప పరీక్షో ల్యాబ్ మూసి ఉన్న రాత్రి తెలుస్తుంది.

మూడో ఏడాదిలో నేర్చుకునేది చూడ్డానికి చాలా చిన్నది. మంచం కాళ్ల దగ్గర నిలబడటం. గుండె ఆగిన పేషెంట్ వస్తే అప్పటిదాకా మనమే ఎగబడి ఛాతీ నొక్కేవాళ్లం. ఇప్పుడు చేతులు కట్టుకొని పాదాల వైపు నిలబడి అందరినీ చూడాలి. ఒకరు నిమిషానికి నూరు నుంచి నూట ఇరవైసార్లు ఛాతీ నొక్కుతుంటారు, రెండు నిమిషాలకు మనిషి మారాలి. ఒకరు ఊపిరి పంపుతుంటారు. "సిస్టర్, అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము" అంటే, "అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఇచ్చాను, టైము రెండూ పద్నాలుగు" అని సిస్టర్ పైకి తిరిగి చెప్పాలి. అలా చెప్పకపోతే ఇచ్చారో లేదో ఎవరికీ తెలియదు. గొంతు పెంచకూడదు. నాయకురాలి గొంతు పెరిగితే గదిలో అందరి చేతులూ వణుకుతాయి. ఎంతో తెలివైన పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. మొదటి ఆరు నెలలు నా చేతులూ వణికాయి అన్నా. తర్వాత తగ్గింది. ధైర్యం పెరిగి కాదు, తర్వాతి పని ఏమిటో ముందే తెలిసి ఉండటం వల్ల.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంటివాళ్లతో మాట్లాడటం ఇంకో ఎత్తు. ఆ రాత్రి మీకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇది కాస్త వివరంగా రాస్తాను. గడ్డిమందు తాగినవాళ్లు వస్తారు, పారాక్వాట్. దానికి విరుగుడు లేదు. మొదటి రోజు మనిషి కూర్చొని మాట్లాడుతుంటాడు. నోట్లో పుండ్లు తప్ప ఏమీ కనిపించవు. "ఏం కాలేదు కద మేడమ్, రేపు తీస్కపోమ్మంటరా?" అని భార్య అడుగుతుంది. తర్వాతి రోజుల్లో కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినబోతున్నాయని ఆమెకు ఇప్పుడే చెప్పాలి. కారిడార్‌లో నిలబడి చెప్పకూడదు. కూర్చోబెట్టాలి, మనమూ కూర్చోవాలి. ఫోన్ జేబులో పెట్టాలి. ముందు ఆమెకు ఏం తెలుసో అడగాలి. తర్వాత తేటగా, మెలికలు లేకుండా, ఆమె మాటల్లో చెప్పాలి. చెప్పాక నోరు మూసుకొని ఆమె ఏడ్చేదాకా, అడిగేదాకా ఆగాలి. "మా ప్రయత్నం మేం చేస్తున్నాం" అని లేచిపోవడం తప్పించుకోవడమే. మా రెసిడెంట్లను మొదట నా పక్కన కూర్చోబెట్టుకొని వినిపిస్తాను. తర్వాత వాళ్లు మాట్లాడతారు, నేను పక్కన ఉంటాను. మూడో ఏడాదికి గది బయట ఉంటాను.

ఒకటి మాత్రం దాచను. ఈ చదువు నేర్పలేనివి కూడా ఉన్నాయి. చిన్నపిల్ల చనిపోయిన రాత్రి తర్వాత ఇంటికెళ్లి అన్నం ఎలా తినాలో ఎవరూ నేర్పలేదు నాకు. అలాంటి రోజు మీ బిడ్డ ఇంటికి ఫోన్ చేస్తే ఏమైందని తవ్వి అడగకండి. తోటలో కాయ ఎలా ఉందో చెప్పండి, వర్షం పడిందో లేదో చెప్పండి. మా నాన్న నాతో అలాగే మాట్లాడేవాడు.

ఇక చుట్టాల మాటలు. సొంత దవాఖాన సంగతి నిజమే, బోర్డు కట్టి ఒంటరిగా ప్రాక్టీస్ పెట్టుకునే చదువు కాదిది. షిఫ్టు ఉద్యోగం. కానీ డ్యూటీ దిగితే దిగినట్టే, మళ్లీ ఫోన్ మోగదు. మెడికల్ కాలేజీల్లో, కార్పొరేట్ ఆస్పత్రుల్లో అవకాశాలున్నాయి, తర్వాత క్రిటికల్ కేర్ వైపు పోవచ్చు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఈ పని తెలిసినవాళ్లు మన జిల్లాల్లో ఇంకా చాలామంది కావాలి.

భద్రత గురించి మీ భయం న్యాయమైనది. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు జరిగింది తలచుకుంటే నాకూ నిద్ర పట్టలేదు. డాక్టర్ల మీద దాడులను అడ్డుకోవడానికి 2008 నుంచి మనకు చట్టం ఉంది. కానీ చట్టం రాత్రిపూట తలుపు దగ్గర నిలబడదు. గార్డు నిలబడాలి, డ్యూటీ రూమ్‌కు లోపలి నుంచి గడియ ఉండాలి. ఇవి అడగడానికి మీరూ మీ బిడ్డా మొహమాటపడొద్దు.

పంపాలా వద్దా అన్నారు. పంపండి. ఇష్టపడి అడిగే పిల్లలు ఈ పనిలో నిలబడతారు, వేరే సీటు రాక చేరినవాళ్లు చాలా ఇబ్బంది పడతారు. అయితే ఎక్కడ చేర్పించాలన్నది చూసి తేల్చుకోండి. ముందుగా కోర్సు పేరు. ఎండీ గానీ డీఎన్‌బీ గానీ అయి ఉండాలి. ప్రైవేటు ఆస్పత్రులు విదేశీ యూనివర్సిటీల పేరుతో నడిపే ఎంఈఎం అనే కోర్సు ఉంది. నేర్పడంలో కొన్ని బాగుండొచ్చు, కానీ దాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ పీజీ డిగ్రీగా గుర్తించదు. రేపు మెడికల్ కాలేజీలో ఉద్యోగానికి పనికిరాదు.

తర్వాత, పగటిపూట హెచ్‌ఓడీ గదిలో కూర్చొని అడిగితే ఏ కాలేజీ అయినా బాగానే కనిపిస్తుంది. మీ బిడ్డను కౌన్సెలింగ్‌కు ముందు ఒక రాత్రి అక్కడికి వెళ్లమనండి, మీరూ తోడు వెళ్లండి. రెండు గంటలప్పుడు డ్యూటీలో ఉన్న ఫస్ట్ ఇయర్‌ను పలకరించి, "ఇప్పుడు నీకు చేతకాని కేసు వస్తే ఎవరు వస్తారు, ఎంతసేపట్లో?" అని అడగండి. "ఫోన్ చేస్తే చెప్తారు" అంటే ఒక రకం. "సార్ అదిగో ఆ గదిలోనే ఉన్నారు" అంటే ఇంకో రకం. వారానికి ఒక రోజు సెలవు నిజంగా దొరుకుతోందా అని అడగండి, నిబంధనల్లో అయితే ఉంది. తప్పులు మాట్లాడుకునే మీటింగ్ ఉందా, ఆఖరుసారి ఎప్పుడు జరిగింది అని అడగండి. తర్వాత మందుల ట్రాలీ దగ్గరికి వెళ్లి సిస్టర్‌ను బతిమాలి పై అర తీయించండి. అట్రోపిన్ ఎన్ని ఆంప్యూల్స్ ఉన్నాయో మీరే లెక్కపెట్టండి అన్నా. ఎన్ని ఉండాలో మీకు ఇప్పుడు తెలుసు.